లారీతో రైల్వే గేటు దాటేటప్పుడు: వెనక చక్రం లెక్క

మేడ్చల్ రోడ్డులోని మా యార్డుకు కొత్తగా పనికొచ్చే ప్రతి డ్రైవర్ తమ్ముడినీ, బండి తాళం చేతికిచ్చే ముందు ఒక మాట అడుగుతాను. "గేటు దాటేటప్పుడు ఏం చూస్తవ్ తమ్మీ?" దాదాపు అందరూ చెప్పేది ఒకటే. "రైలొస్తుందేమో చూస్త అన్నా." మంచిదే, చూడాల్సిందే. కానీ నాకు కావాల్సిన జవాబు వేరే ఉంది. "నా వెనక చక్రం ఎక్కడ ఆగుతదో చూస్త అన్నా" అనాలి.

ఎందుకంటే లారీ ముందు చక్రం పట్టాలెక్కడం క్షణం పని. వెనక చక్రం పట్టాలు దిగడానికే టైమ్ పడుతుంది. ప్రమాదాలన్నీ ఆ మధ్యలో ఉన్న టైమ్‌లోనే జరుగుతాయి. లారీ, టిప్పర్, డీసీఎం, ట్రైలర్, స్కూల్ బస్సు ఏది నడిపేవాళ్లయినా ఇది చదవండి.

ముందుగా ఒక సంగతి గుర్తు చేస్తాను. 2014 జులై 24న పొద్దున మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని గేటు దాటుతున్న స్కూల్ బస్సును నాందేడ్ నుంచి సికింద్రాబాద్ వస్తున్న ప్యాసింజర్ రైలు గుద్దింది. బడికి పోతున్న పసిపిల్లలు చనిపోయారు. ఆ లైను ఎక్కడో లేదు. మల్కాజ్‌గిరి, సఫిల్‌గూడ, అమ్ముగూడ, ఆల్వాల్, బొల్లారం మీదుగా మేడ్చల్ దాటి పోయే లైనే అది. మనం రోజూ చూసే పట్టాలే. ఆ తర్వాత కాపలా లేని గేట్లను ఒక్కొక్కటే మూసేశారు. 2019 జనవరి 31 నాటికి దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటివి లేకుండా చేశారు. అంటే ఇప్పుడు మనకు ఎదురయ్యే గేట్ల దగ్గర దాదాపు ఎప్పుడూ గేట్‌మ్యాన్ ఉంటాడు. అయినా లారీ డ్రైవర్ పని తగ్గలేదు. ఎందుకో కింద చెప్తాను.

యార్డులోనే చూసుకోవాల్సినవి

బయల్దేరే ముందు లోడు ఎత్తు కొలవండి. కరెంటు లైను ఉన్న గేట్లకు రెండు వైపులా రోడ్డు మీద అడ్డంగా ఇనుప కమాను ఉంటుంది. హైట్ గేజ్ అంటారు. దాని మీద ఎత్తు రాసి ఉంటుంది. మీ లోడు దానికి తగిలేలా ఉంటే ఆ దారి మీది కాదు, వేరే దారి చూసుకోండి. టార్పాలిన్ కొద్దిగా రాసుకుంటుందిలే, మెల్లగా పోనిద్దాం అనుకోవద్దు. పైన తీగలో ఉండేది 25,000 వోల్టులు. తీగను తాకక్కర్లేదు, 2 మీటర్ల లోపలికి పోయినా ప్రమాదమే. పత్తి లోడు, గడ్డి లోడు మీద క్లీనర్‌ను కూర్చోబెట్టి గేటు దాటించడం నేను చాలాసార్లు చూశాను. అలా చేసే డ్రైవర్ దగ్గర మీరు క్లీనర్‌గా ఉంటే, ఆ ఒక్క మాట వినకండి. దిగి నడిచి దాటండి. టిప్పర్ నడిపేవాళ్లు అన్‌లోడ్ అయ్యాక తొట్టి పూర్తిగా దిగిందో లేదో దిగి మరీ చూసుకోవాలి. కొద్దిగా లేచి ఉన్న తొట్టి లోపల కూర్చున్న మనిషికి తెలియదు.

జేసీబీ, హిటాచీ లాంటివి మోసే లో బెడ్ ట్రైలర్లకు ఇంకో తిప్పలు. గేటు దగ్గర రోడ్డు రెండు వైపుల నుంచీ ఎత్తుగా లేచి, పట్టాల దగ్గర దిబ్బలా ఉంటుంది. ముందు చక్రాలు అవతలికి దిగుతుంటే బండి పొట్ట పట్టాల మీద ఆనుకుంటుంది. ఇక ముందుకూ పోదు, వెనక్కూ రాదు. కొత్త గేటయితే లోడు తీసుకుపోయే ముందు బైక్ మీద పోయి ఒకసారి చూసి రండి. అర పూట పోతే పోయింది.

గేటు బోర్డు కనబడగానే

గేటుకు దాదాపు 200 మీటర్ల ముందు ఎర్ర త్రికోణం బోర్డు, దాని కింద రెండు ఏటవాలు గీతలు కనిపిస్తాయి. దగ్గరికొచ్చాక ఒకే గీత ఉన్న బోర్డు వస్తుంది. మొదటి బోర్డు దగ్గరే వేగం తగ్గించండి. పాటలు ఆపండి, రెండు వైపులా అద్దాలు దించండి. ఫోన్ మోగుతున్నా ఎత్తకండి.

ఆ తర్వాత ఎయిర్ మీటరు చూడండి. ఇది కార్లు నడిపేవాళ్లకు తెలియని విషయం, లారీ వాళ్లు తెలిసి కూడా మర్చిపోయే విషయం. గాలి ప్రెషర్ బాగా పడిపోతే వెనక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. బండి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఎక్కడైనా పైపు లీకవుతూ, ట్రాఫిక్‌లో పదే పదే బ్రేకు తొక్కుతూ వచ్చాక, ముల్లు కిందికి దిగి ఉంటే గేటు ఎక్కకండి. పక్కకు ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి గాలి నిండనివ్వండి. గాలి తక్కువైందని బజర్ మోగుతుండగా పట్టాలెక్కిన బండి పట్టాల మీదే ఆగితే, అది దురదృష్టం అనడానికి లేదు.

గేటు పడి ఉంటే

ఆగాలి. ఎడమ వైపు, మీ వరుసలో, ముందు బండికి కొంత ఎడం వదిలి. హైదరాబాద్ గేట్ల దగ్గర అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. గేటు పడిన నిమిషానికి బైకులు కుడి వైపుకు వచ్చేస్తాయి. వాటి వెనక ఆటోలు. ఆటోల వెనక ఒక డీసీఎం. అవతలి వైపు కూడా ఇదే కథ. గేటు లేచేసరికి రోడ్డు మొత్తం నిండి రెండు గుంపులు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉంటాయి, మధ్యలో పట్టాలు. ఎవరికీ పోవడానికి జాగ ఉండదు. అందరూ ఒకేసారి కదులుతారు.

ఆ గుంపులో బైకు వంకర తిరిగి బయటపడుతుంది. ఆటోవాలా దిగి తోసుకుంటాడు. లారీ ఏం చేస్తుంది? పట్టాల మీద నిలబడుతుంది. అందుకే కుడి వైపు వరుస కట్టే తప్పు లారీ డ్రైవర్ అస్సలు చేయకూడదు. మీరు కుడికి పోతే మీ వెనక ఇంకో పది బండ్లు వస్తాయి, అవతలి వాళ్లు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది, ఆ బండ్లు పట్టాల మీద ఆగిపోతాయి. మీరు గేటు ఇవతల క్షేమంగా ఉన్నా, అక్కడ ఇరుక్కున్న వాళ్లకు మీరు కారణం అవుతారు.

గేటు కింద నుంచి దూరిపోతున్న బైకులను చూసి, "గేట్‌మ్యాన్ అన్నా, జర ఎత్తరాదే" అని గొడవ పెట్టుకోవద్దు. చాలా గేట్లలో ఒకసారి రైలుకు సిగ్నల్ ఇచ్చాక గేటు తాళం పడిపోతుంది. గేటు సిగ్నల్‌కు ముడిపడి ఉంటుంది. గేటు మూసి తాళం పడితేనే సిగ్నల్ వస్తుంది, సిగ్నల్ ఉన్నంతసేపు గేటు లేవదు. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. ఆయన ఎత్తనంటే పొగరు కాదు, ఎత్తలేడు.

ఇంకోటి. ఒక రైలు పోయింది కదా అని ఇంజన్ రేజ్ చేయకండి. మేడ్చల్ లైనులో ఏళ్ల తరబడి ఒకే లైను చూసి అలవాటైన వాళ్లం మనం. ఇప్పుడు అక్కడ రెండు లైన్లు, పైన కరెంటు. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా నడుస్తోంది. పోయిన రైలు చివరి పెట్టె చాటున, ఎదురు లైనులో ఇంకో రైలు వస్తుండవచ్చు. కరెంటు రైలు డీజిల్ ఇంజన్ లాగా దూరం నుంచే దడదడ వినిపించదు. గేటు పూర్తిగా లేచి, కడ్డీ నిలువుగా నిలబడే దాకా కదలొద్దు.

గేటు లేచింది. ఇప్పుడు వెనక చక్రం లెక్క

ఈ మెట్టు ఒక్కటి నేర్చుకున్నా చాలు.

ముందు బండి కదిలిందని దాని తోక పట్టుకుని పోవద్దు. ముందు బండి పట్టాలు దాటి, గేటు దాటి, అవతల మీ బండి పొడవంత ఖాళీ జాగ వదిలే దాకా ఇవతలే ఉండండి. ఆ జాగ మీ కంటికి కనిపించాలి. వస్తుందిలే అనుకోవడం కాదు. వెనక నుంచి హారన్లు కొడతారు, తిడతారు. కొట్టనివ్వండి.

నేను ఇది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కింద, సాయంత్రం పూట, ఇటుక లోడుతో పది టైర్ల బండి నడుపుతున్నాను. ముందు ఒక వాటర్ ట్యాంకర్. అది కదిలింది, నేనూ కదిలాను. గేటు దాటగానే ట్యాంకర్‌కు అడ్డంగా ఒక ఆటో వచ్చి నిలబడింది. ట్యాంకర్ ఆగింది. నా క్యాబిన్ గేటు బయట ఉంది, వెనక నాలుగు చక్రాలు పట్టాల మీద ఉన్నాయి. క్లీనర్ తమ్ముడు తలుపు తీసి వెనక్కి చూసి, "అన్నా, ఎనకకు జాగ లేదు, బైకులొచ్చినయ్" అన్నాడు. వాడి గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గేట్‌మ్యాన్ పెద్దాయన, ఎర్ర జెండా చంకలో పెట్టుకుని, ఆటోను రెండు చేతులతో పట్టుకుని పక్కకు తోశాడు. ఫోన్ మోగుతూనే ఉంది ఆయన గదిలో. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. రైలు సిగ్నల్ దగ్గరే ఆగి ఉందని తర్వాత తెలిసింది. ఆ గేటు సిగ్నల్‌కు కట్టి ఉండబట్టి ఆగింది. తప్పు ఆటోదని ఆ రోజు తిట్టుకున్నాను. ఆటో నా ముందు లేదు. నా ముందు ఉన్నది ట్యాంకర్. దాని వెనక జాగ లేదని నాకు తెలుసు. తెలిసే ఎక్కాను. తప్పు నాది.

ఒక లెక్క చూడండి. 40 అడుగుల కంటైనర్ ట్రైలర్, క్యాబిన్‌తో కలిపి 16 మీటర్ల దాకా ఉంటుంది అనుకుందాం. రెండు లైన్ల గేటు, ఈ కడ్డీ నుంచి ఆ కడ్డీకి సుమారు 25 మీటర్లు. బండి మొత్తం బయటపడాలంటే 41 మీటర్లు పోవాలి. గుంతల్లో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతే అర నిమిషం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు ఆ అర నిమిషంలో 800 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. అంటే మీరు ఫస్ట్ గేరు వేసినప్పుడు మలుపు అవతల ఉండి కనపడని రైలు, మీ వెనక చక్రం దిగేలోపు మీ దగ్గర ఉంటుంది.

దానికి తోడు కన్ను మోసం చేస్తుంది. శంషాబాద్‌లో దిగే విమానం గాలిలో తేలుతున్నట్టు, మెల్లగా వస్తున్నట్టు కనిపిస్తుంది కదా. ఎదురుగా వచ్చే పెద్ద వస్తువు ఏదైనా అంతే. రైలు కూడా "ఇంకా దూరముంది, మెల్లగా వస్తోంది" అనిపిస్తుంది. ఆ అంచనాతో బండి దూకించొద్దు. రైలు నడిపే లోకో పైలట్ మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా, ఆ వేగంలో ఉన్న రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. ఆయన పక్కకు తిప్పలేడు. తిప్పగలిగింది, ఆపగలిగింది మీరే.

పట్టాల మీద ఉన్నప్పుడు

ఎక్కే ముందే ఫస్టో సెకండో, లోడుకు తగ్గ గేరు వేసుకోండి. పట్టాల మీద గేరు మార్చొద్దు, క్లచ్ మీద కాలు ఆనించి ఉంచొద్దు. ఆగకుండా, ఒకే పోతగా పోవాలి. ఓవర్‌టేక్ ప్రసక్తే లేదు.

ఎక్కే ముందు తల అటూ ఇటూ తిప్పి రెండు వైపులా పట్టాలు చూడండి. గేటు తెరిచి ఉంది కదా, మళ్లీ చూడ్డం ఎందుకు అనుకోవచ్చు. 2025 జులై 8న తమిళనాడు కడలూరు జిల్లాలో స్కూల్ వ్యాన్‌ను ప్యాసింజర్ రైలు గుద్ది ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అక్కడ గేటు ఉంది, గేట్‌మ్యాన్ ఉన్నాడు. ఆ గేటు సిగ్నల్‌కు కట్టినది కాదు. అలాంటి గేట్లలో స్టేషన్ నుంచి వచ్చే ఫోన్ మీద, ఒక మనిషి వినడం మీద, ఆయన గేటు వేయడం మీద అంతా ఆధారపడుతుంది. మీరు దాటబోయే గేటు ఏ రకమో క్యాబిన్‌లో కూర్చుని చెప్పలేరు. గేట్‌మ్యాన్ తప్పు చేశాడా లేదా అన్నది కోర్టు తర్వాత తేలుస్తుంది. తల తిప్పి చూడ్డానికి మీకు రెండు సెకన్లు పడుతుంది.

గూడ్స్ షెడ్లు, ఆయిల్ డిపోల సైడింగులకు (లోడు కోసం వేసిన పక్క పట్టాలకు) పోయేవాళ్లకు, అంటే చర్లపల్లి, సనత్‌నగర్ లాంటి చోట్ల లోడు ఎత్తేవాళ్లకు, ఒక ప్రత్యేక మాట. అక్కడ లోపలి పట్టాలకు గేటు ఉండకపోవచ్చు. ఇంజన్ వెనక నుంచి తోస్తుంటే వ్యాగన్లు ముందుగా వస్తాయి. ముందు లైటు ఉండదు, హారన్ దూరంగా వినిపిస్తుంది. కాపలా లేని చోట దాటే పద్ధతిని మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. బండి ఆపాలి. క్లీనరో, పక్కనున్న మనిషో దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా రైలు గానీ ట్రాలీ గానీ రావడం లేదని చూసుకోవాలి. ఆయనే ముందు నడుస్తూ బండిని దాటించాలి. క్లీనర్ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. ఇది సలహా కాదు, చట్టం.

బండి పట్టాల మీద ఆగిపోతే

ఇక్కడ వరుస తప్పొద్దు.

ముందు మనుషులు దిగాలి. డ్రైవర్, క్లీనర్, ఎవరుంటే వాళ్లు. ఫోన్, పర్సు, కాగితాలు వెతకొద్దు. దిగి పట్టాలకు దూరంగా, రైలు వచ్చే దిక్కు వైపుకు ఏటవాలుగా పరుగెత్తండి. వింతగా అనిపిస్తుంది కానీ, గుద్దినప్పుడు లారీ ముక్కలు రైలు పోయే వైపుకే ఎగురుతాయి.

రెండోది, గేట్‌మ్యాన్‌కు చెప్పాలి. గేటు సిగ్నల్‌కు కట్టినదైతే ఆయన సిగ్నల్ ఎర్రకు తిప్పగలడు, స్టేషన్‌కు ఫోన్ చేయగలడు. ఆయన దగ్గర పట్టాల మీద పెట్టే పటాకీలు ఉంటాయి, రైలు చక్రం ఎక్కగానే పేలి లోకో పైలట్‌ను హెచ్చరిస్తాయి. వాటిని 600 మీటర్ల దూరంలో ఒకటి, 1,200 మీటర్ల దూరంలో మూడు పెట్టాలన్నది రైల్వే నియమం. రైలు ఆగడానికి ఎంత దూరం కావాలో ఆ అంకెలే చెప్తాయి. ఆయన ఒక వైపు పరుగెత్తితే, రెండో వైపు మీరు పరుగెత్తండి. పట్టాల మధ్య కాదు, పక్కన. పగలైతే రెండు చేతులూ తలపైకి ఎత్తి ఊపండి, ఎర్ర గుడ్డ ఉంటే మరీ మంచిది. రాత్రయితే సెల్ ఫోన్ లైటయినా సరే, గట్టిగా అటూ ఇటూ ఊపండి. జోరుగా ఊపే ఏ లైటయినా లోకో పైలట్‌కు ఆగమనే అర్థం. గేట్‌మ్యాన్ కనపడకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి, ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చేయండి.

బండి కదిలించే ప్రయత్నం ఆ తర్వాతే, అదీ రైళ్లు ఆగాయని గేట్‌మ్యాన్ చెప్పాకే.

రెండు కడ్డీల మధ్య ఇరుక్కుని, ఇంజన్ పని చేస్తూ ఉంటే మాత్రం ఆలోచించకండి. ముందు కడ్డీని గుద్దుకుని బయటికి పోండి. కడ్డీ మళ్లీ వేస్తారు. బయటపడ్డాక అక్కడే ఆగి గేట్‌మ్యాన్‌కు చెప్పాలి. వంగిన కడ్డీతో గేటు పడదు, గేటు పడకపోతే వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం.

పై తీగ తెగి బండి మీద పడితే లెక్క మారుతుంది. అప్పుడు దిగొద్దు. కరెంటు తీశామని రైల్వే వాళ్లు చెప్పే దాకా లోపలే, ఇనుము తాకకుండా కూర్చోండి. మంటలు లేస్తే, లేదా రైలు వస్తుంటే, రెండు పాదాలూ దగ్గర పెట్టి ఒకేసారి దూకండి. ఒక చేయి బండి మీద, ఒక కాలు నేల మీద ఉండకూడదు. అలాగే జంట పాదాలతో గెంతుతూ దూరం పోవాలి.

కేసు సంగతి

మూసిన గేటును సొంతంగా తెరిస్తే రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు. గేటు విరగ్గొడితే 5 ఏళ్ల దాకా. నిర్లక్ష్యంతో ఒకరి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా. "ఓనర్ తొందర పెట్టాడు సార్" అంటే స్టీరింగ్ పట్టుకున్న చేయి మారదు.

కాబట్టి ఓనర్లకు, సూపర్‌వైజర్లకు కూడా ఒక మాట. గేటు దగ్గర ఉన్నానని డ్రైవర్ చెప్పగానే ఫోన్ పెట్టేయండి. లోడు లేటైందని గేటు పడిన టైమ్‌ను లెక్కలో కోయకండి. సిటీలో లారీలకు నో ఎంట్రీ టైమ్ దగ్గర పడుతోందని డ్రైవర్లు గేట్ల దగ్గరే టెన్షన్ పడతారు. ఆ టెన్షన్ పెట్టేది మనమే. బయల్దేరే టైమ్ ఇరవై నిమిషాలు ముందుకు జరిపితే చాలా వరకు పోతుంది.

మా యార్డులో ప్రతి క్యాబిన్‌లో ఒక అట్ట ముక్క కట్టి ఉంటుంది. ఆ బండి రోజూ పోయే దారిలో ఉన్న గేట్ల నంబర్లు, అవి ఏ రెండు స్టేషన్ల మధ్య ఉన్నాయో, కింద 139. ప్రతి గేటు దగ్గర దాని నంబర్ బోర్డు ఉంటుంది. రేపు మీ దారిలో గేటు పడి, ఇంజన్ ఆపి కూర్చున్నప్పుడు, ఆ బోర్డు చూసి మీ అట్ట మీద కూడా రాసుకోండి.